"మై ఓన్లీ గ్రిప్" అంటే నా మీద కంప్లైంట్ ఇచ్చినట్టా?

కొత్తపలక | రాత్రి 9:14

అందరికీ నమస్కారం. కొంచెం టెన్షన్‌లో ఉన్నాను, ఎవరైనా తొందరగా చెప్పండి. మూడు వారాలు కూర్చుని ఒక రిపోర్టు రాసి మా పైఅధికారికి పంపాను. ఆవిడ మాతృభాష ఇంగ్లీషే. ఇవాళ జవాబు వచ్చింది: "గ్రేట్ వర్క్. మై ఓన్లీ గ్రిప్ ఈజ్ ద లెంగ్త్." అంతే, ఇంకో ముక్క లేదు.

డిక్షనరీ తీస్తే ఆ మాటకి మూడు అర్థాలు కనిపించాయి. గట్టిగా పట్టుకోవడం, కడుపునొప్పి, ఫిర్యాదు. మొదటి రెండూ ఇక్కడ కుదరవు కాబట్టి మూడోదే అయ్యుండాలి. మరి నా మీద ఫిర్యాదు చేశారా? చేస్తే ఎవరికి చేసినట్టు? క్షమించమని నాలుగు పేరాల మెయిలు రాసి పెట్టుకున్నాను. పంపమంటారా?

సాయంత్రం_ఆరు | రాత్రి 9:17

పంపకండి!! వివరాలు పెద్దలు చెబుతారు గానీ ముందు ఆ మెయిలు పక్కన పెట్టండి.

పాతమాస్టారు | రాత్రి 9:40

బాబూ, ముందు ఉచ్చారణ. అది గ్రిప్ కాదు, గ్రైప్. పైప్, టైప్ అన్నట్టు పలకాలి. ఒకే పీ, చివర ఈ. చివర ఈ లేకపోతేనే గ్రిప్, అంటే పట్టు. మీ టైటిల్ మార్చండి, వెతుక్కునేవాళ్ళకి పనికొస్తుంది.

ఇక అర్థం. డిక్షనరీ తప్పు చెప్పలేదు, కానీ ఆ మాట ఎంత బరువుదో చెప్పలేదు. గ్రైప్ అంటే చిన్న అసంతృప్తి. అందులోనూ "మై ఓన్లీ గ్రైప్" అన్నారంటే అది దాదాపు మెచ్చుకోలే. అంతా నచ్చింది, వెతగ్గా వెతగ్గా ఒక్కటి దొరికింది అని. ఆవిడ తెలుగువారైతే ఏమనేవారో ఆలోచించండి: "చాలా బాగా చేశావు. కాకపోతే కాస్త పొడుగైంది."

ఆ "కాకపోతే" ఉంది చూశారా, అదే "మై ఓన్లీ గ్రైప్ ఈజ్". ఇంగ్లీషులో ఒక నామవాచకం పెట్టి చెప్పేదాన్ని మనం ఒక చిన్న అతుకుమాటతో దాటేస్తాం. అందుకే డిక్షనరీలో ఆ నామవాచకానికి సరైన జోడీ దొరకదు. ఫిర్యాదు అని రాసి ఊరుకుంటారు, మీలాంటివాళ్ళు రాత్రి నిద్ర మానుకుంటారు.

అరసున్న | రాత్రి 9:58

మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది గానీ ఒప్పుకోలేను. కాగితం మీద పెట్టిన ఏ మాటైనా రికార్డే. రేపు పనితీరు సమీక్షలో "నేను అప్పుడే చెప్పాను" అంటే ఏం చేస్తారు? రెండు లైన్ల సారీ పంపితే పోయేదేముంది?

వెన్నెలబాట | రాత్రి 10:05

పోయేది ఉందండీ. ఎవరైనా "కూర బాగుంది, కాకపోతే ఉప్పు ఒక రవ్వ ఎక్కువ" అన్నారనుకోండి. వాళ్ళ కాళ్ళ మీద పడి క్షమించమంటే ఎలా ఉంటుంది? ఉప్పు గురించి ఇంకెప్పుడూ నోరెత్తరు. అలాంటి సారీ అన్నమాట అది.

పైగా పొడుగైందన్నందుకు నాలుగు పేరాల క్షమాపణ!! 😄

పాతమాస్టారు | రాత్రి 10:22

అరసున్న గారూ, మీరు కంప్లైంట్‌నీ గ్రైప్‌నీ ఒకే గాట కడుతున్నారు. కంప్లైంట్‌ని ఫైల్ చేస్తారు, లాడ్జ్ చేస్తారు. దాన్ని తీసుకునేవాడు ఒకడుంటాడు, దాని మీద ఏదో ఒక చర్య ఉండాలి. ఇంకా బరువైనది గ్రీవెన్స్. కార్మిక సంఘాలకీ యాజమాన్యాలకీ మధ్య నడిచే మాట, దానికో పద్ధతి, గడువు, విచారణ ఉంటాయి. గ్రైప్‌ని ఎవరూ ఫైల్ చేయరు. "ఐ ఫైల్డ్ ఎ గ్రైప్" అంటే నవ్వుతారు. వినే చెవి ఒకటుంటే దానికి చాలు. ఉద్యోగులంతా కూర్చుని మనసులో ఉన్నది కక్కేసుకుని లేచిపోయే సమావేశాన్ని గ్రైప్ సెషన్ అంటారు. అక్కడ మినిట్స్ రాసుకోరు.

అన్నట్టు, మనవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఒకటి. "కంప్లైంట్ ఇచ్చాను" అని తెలుగులో అంటాం కదా, అదే ఇంగ్లీషులోకి మార్చి "గేవ్ ఎ కంప్లైంట్" అంటారు. మేడ్ అనాలి, లేదా ఫైల్డ్ అనాలి.

నిఘంటువుపురుగు | రాత్రి 11:31

ఆలస్యంగా వచ్చాను, కానీ ఈ మాట నాకు చాలా ఇష్టం. కొంచెం పొడుగ్గా రాస్తాను, మీకు గ్రైప్ ఉంటే క్షమించండి.

కొత్తపలక గారూ, ఆ మూడు అర్థాల్లో మొదటి రెండూ కుదరవని కొట్టేశారు. నిజానికి ఆ మూడూ ఒకే దారి. పాత ఇంగ్లీషులో గ్రీపన్ అంటే పట్టుకోవడం, ఒడిసిపట్టడం. గ్రిప్, గ్రైప్, చీకట్లో తడుముకోవడం అనే అర్థమున్న గ్రోప్, ఇవన్నీ ఆ ఇంటివే. షేక్‌స్పియర్ కాలంలో గ్రైప్ అంటే ఇంకా పిడికిలి పట్టే. తర్వాత ఆ పట్టు కడుపులోకి వెళ్ళింది. లోపల ఎవరో పేగుల్ని పట్టి మెలిపెట్టినట్టు వచ్చే నొప్పిని గ్రైప్స్ అన్నారు. మనం నులినొప్పి అంటాం కదా, సరిగ్గా అదే. నులమడం అన్నా మెలిపెట్టడమే.

ఆ కడుపునొప్పి నుంచే గొణుగుడు అనే అర్థం పుట్టిందని చెబుతారు. అది అమెరికాలో మొదలైంది, 1930ల నాటి సంగతి. షేక్‌స్పియర్ వయసుతో చూస్తే ఈ అర్థం నిన్నగాక మొన్నటిది. దానికంటే ముందే, 1880లలోనే, అమెరికన్లు బెల్లీయేక్ అనే మాటని కూడా క్రియగా మార్చి "ఊరికే ఏడవకు" అనే అర్థంలో వాడారు. బెల్లీయేక్ అంటే అచ్చంగా కడుపునొప్పి. కాబట్టి కడుపుకీ ఫిర్యాదుకీ ఈ చుట్టరికం ఒక్కసారి కలిసింది కాదు, రెండుసార్లు కలిసింది.

యిడ్డిష్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన క్వెచ్ అనే మాట కూడా ఉంది. అర్థం ఎప్పుడూ సణుగుతూ ఉండటం. దాని మూలార్థం పిండటం, నొక్కడం! పట్టడం, మెలిపెట్టడం, పిండటం. మనిషి లోపల ఏదో బిగిస్తేనే నోట్లోంచి మాట బయటికొస్తుందని వాళ్ళకీ తెలుసన్నమాట.

సాయంత్రం_ఆరు | రాత్రి 11:36

ఆగండాగండి. అయితే పిల్లలకి పట్టే గ్రైప్ వాటర్ అదేనా?? ఇన్నేళ్ళూ అది కంపెనీ పేరనుకున్నాను.

నిఘంటువుపురుగు | రాత్రి 11:44

అదే. గ్రైప్స్ తగ్గించే నీళ్ళు కాబట్టి గ్రైప్ వాటర్. 1851లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే ఫార్మసిస్టు తయారుచేశారు. మొదట్లో అందులో సోపుజాతి గింజల నూనె, సోడాలతో పాటు ఆల్కహాల్ కూడా ఉండేది. పిల్లలు ఏడుపు ఎందుకు ఆపేవారో మీరే ఊహించుకోండి.

కాబట్టి గ్రైప్ వాటర్ అంటే "ఫిర్యాదుల నీళ్ళు" అని ఎవరైనా జోకు వేస్తే అది పూర్తిగా జోకేం కాదు.

వెన్నెలబాట | రాత్రి 11:50

మా ఆఫీసులో నీళ్ళ క్యాను మీద ఆ పేరు అతికిస్తాను.

అరసున్న | ఉదయం 6:48

రాత్రి చదివి పడుకున్నాను. కడుపు సంగతి బాగుంది, ఒప్పుకుంటున్నాను. మనకీ కడుపుమంట ఉంది కదా, గ్రైప్‌కి అదే సరైన తెలుగు అంటే పోలేదా?

నిఘంటువుపురుగు | ఉదయం 7:20

అదే వద్దు. కడుపుమంట అంటే అసూయ, లేదా అన్యాయం చూసి రగిలిపోవడం. "నీ రిపోర్టు మీద నాకున్న ఒకే ఒక కడుపుమంట" అని రాసి చూడండి, కొత్తపలక గారు ఈసారి రాజీనామా లేఖ రాసి పెట్టుకుంటారు. అవయవం ఒకటైనంత మాత్రాన అర్థం ఒకటి కాదు. మన కడుపు ఎక్కువగా ప్రేమ, దుఃఖం, అసూయలకి నెలవు. కడుపుతీపి, కడుపుకోత, కడుపుమంట. చిన్నచిన్న అసంతృప్తులు మనకి నోటి దగ్గరే పుడతాయి: గొణుగుడు, సణుగుడు, మూలుగు.

గ్రంబుల్ అనే మాటకి మాత్రం మనవాళ్ళలో ఒక దగ్గరి పోలిక ఉంది. గ్రంబుల్ ధ్వని నుంచి పుట్టిన మాట. దూరంగా ఉరిమినా, ఆకలికి కడుపులో చప్పుడైనా, మనిషి లోలోపల విసుక్కున్నా అదే మాట. మనం కూడా "వాడు నా మీద గుర్రుగా ఉన్నాడు" అంటాం. ఆ గుర్రు అచ్చం జంతువు గొంతులోదే.

మౌనరాగి | ఉదయం 8:02

నేను పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. ఈ గుంపులో తేడాలు చెప్పమంటే నాకే తికమక. గొణుగు, సణుగు, నసుగు మూడూ ఒకటేనా? ఒకటే అయితే గ్రంబుల్, గ్రైప్, వైన్‌లకి వరసగా పెట్టేయొచ్చా?

పాతమాస్టారు | ఉదయం 8:35

అమ్మా, ఒకటి కావు. వరస కలిసింది కదా అని అతికించకండి.

గొణగడం గొంతుకి సంబంధించింది. ఎదుటివాడికి వినబడీ వినబడనట్టు మాట్లాడటం. అందులో ఫిర్యాదు ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. నిద్రలో కూడా గొణుగుతారు. సణుగుడులో మాత్రం అసంతృప్తి ఉండి తీరాలి, అది ఆగకుండా సాగాలి కూడా. నసగడం వేరే విషయం. చెప్పాల్సిన మాట తిన్నగా చెప్పలేక నీళ్ళు నమలడం. అప్పు అడగడానికి వచ్చినవాడు నసుగుతాడు, వాడికి మన మీద ఫిర్యాదేమీ లేదు. నస పెట్టడం ఇంకొకటి. అది అవతలివాడి ప్రాణం తీసేంతసేపు ఒకే మాట పట్టుకు వేలాడటం, ఇంగ్లీషులో నాగ్‌కి దగ్గర.

వైన్ అంటే సాగదీసిన సన్నటి గొంతుతో ఏడుపుగొట్టుగా అనడం. మొదట్లో ఆ మాట గాలిలో బాణం దూసుకుపోయే చప్పుడుకి వాడేవారట. తర్వాత కుక్క కుయ్యిమనడానికి, ఆ తర్వాత మనుషులకి వచ్చింది. దానికి చుట్టమే విన్జ్. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో వినబడుతుంది, అమెరికన్లు దాదాపు వాడరు. వలస వచ్చిన ఇంగ్లీషువాళ్ళని ఆస్ట్రేలియన్లు "విన్జింగ్ పామ్స్" అని ఎగతాళి చేస్తారు, ఎండ ఎక్కువైనా తక్కువైనా ఏడుస్తారని.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఏమిటంటే, మన నిష్ఠూరానికి వాళ్ళ దగ్గర మాటే లేదు. "వచ్చి పోతూ కూడా మా ఇంటికి రాలేదు" అనడం కంప్లైంట్ కాదు, గ్రైప్ కాదు, వైన్ అసలే కాదు. ప్రేమ ఉన్నవాళ్ళకి మాత్రమే ఉన్న హక్కు అది. దాన్ని ఏ ఇంగ్లీషు మాటలో పెట్టినా ప్రేమ కారిపోయి ఫిర్యాదొక్కటే మిగులుతుంది.

సాయంత్రం_ఆరు | ఉదయం 8:41

మాస్టారూ, ఆ చివరి ముక్క మా పెద్దమ్మకి వినిపిస్తాను. నెల నుంచి నేను ఆవిడకి ఫోన్ చేయలేదు.

టైపిస్టు | ఉదయం 9:15

మా టీమ్‌లో అందరూ "క్రిబ్ చేయకు", "ఎందుకు క్రిబ్బింగ్" అంటారు. గ్రైప్ కంటే ఇదే ఎక్కువ వింటాం. ఇది కరెక్టేనా?

నిఘంటువుపురుగు | ఉదయం 9:50

మన దేశపు ఇంగ్లీషులో బాగా నాటుకుపోయిన మాట, మన మధ్య వాడుకుంటే ఏ ఇబ్బందీ లేదు. బ్రిటన్‌లో ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు పాతబడింది. అమెరికన్‌తో మాత్రం జాగ్రత్త. వాళ్ళకి క్రిబ్ అంటే పసిపిల్లల మంచం. క్రియగా వాడితే కాపీ కొట్టడం అని కూడా అర్థం చేసుకోవచ్చు. "హీ ఈజ్ క్రిబ్బింగ్ ఎబౌట్ ద ప్రాజెక్ట్" అంటే అయోమయంగా చూస్తారు. అక్కడ గ్రైపింగ్ అనో కంప్లైనింగ్ అనో అంటే సరిపోతుంది.

పత్రికల్లో గ్రౌస్ అనే మాట కూడా కనబడుతుంది. ఆ పేరుతో ఒక పక్షి ఉంది, కానీ దానికీ దీనికీ చుట్టరికం తేలలేదు. సైనికుల యాసలోంచి వచ్చిన మాట. దాన్ని అక్కడ వదిలేద్దాం.

మౌనరాగి | ఉదయం 10:10

ఒక సందేహం. గ్రైప్ తిట్టా? విద్యార్థి "మై గ్రైప్ ఈజ్" అని పరీక్షలో రాస్తే మార్కులు తగ్గించాలా?

వెన్నెలబాట | ఉదయం 10:32

తిట్టు కాదు, వాడుకభాష మాట. స్నేహితుడికి రాసే ఉత్తరంలో అయితే బాగుంది అనండి, అధికారికి రాసే అర్జీలో అయితే కంప్లైంట్ అని దిద్దండి.

నేను గమనించింది ఒకటి చెప్పనా? నా గురించి నేను చెప్పుకుంటూ "ఐ హావ్ ఎ గ్రైప్" అనొచ్చు, మర్యాదగానే ఉంటుంది. "ఐ యామ్ వైనింగ్" అని మాత్రం ఎవరూ సీరియస్‌గా అనరు, నవ్వుతూ అనాలి. వైన్, విన్జ్, బెల్లీయేక్ ఇవన్నీ అవతలివాడి నోటికి తగిలించే మాటలు. తెలుగులో కూడా చూడండి. నేనైతే మొత్తుకుంటాను, మొరపెట్టుకుంటాను, బాధ వెళ్ళబోసుకుంటాను. నువ్వైతే సణుగుతావు. వాడైతే ఏడుస్తాడు. ముగ్గురం చెప్పేది ఒకటే, కరెంటు పోయిందని!

అరసున్న | ఉదయం 10:40

ఇది నిజం. మా ఇంట్లో నేను సూచన ఇస్తాను, అది సాధింపుగా వినబడుతుంది.

పాతమాస్టారు | ఉదయం 11:05

వెన్నెలబాట గారు మంచి పాయింటు పట్టారు. దానికి ఒక సవరణ. గ్రైప్ నామవాచకంగా ఉంటే మెత్తన, క్రియ అయితే కాస్త గరుకు. "మై గ్రైప్" అంటే నా చిన్న అభ్యంతరం. "హీ ఈజ్ ఆల్వేస్ గ్రైపింగ్" అంటే ఆ మనిషి ఎప్పుడూ సణుగుతూనే ఉంటాడు. అదే మాట, కానీ రెండోదాంట్లో మెచ్చుకోలు చుక్కైనా లేదు.

వాడే తీరు కూడా చూడండి. గ్రైప్ ఎబౌట్ ఏదో, గ్రైప్ ఎట్ ఎవరో. నేరుగా కర్మని తగిలించి "హీ గ్రైప్డ్ ద సర్వీస్" అనకూడదు. "ఇట్ గ్రైప్స్ మీ" అని అమెరికాలో ఒక వాడుక ఉంది, అది నన్ను విసిగిస్తోంది అని. అక్కడ కడుపులో మెలిపెట్టే ఆ పాత పట్టు ఇంకా వదల్లేదు.

టైపిస్టు | మధ్యాహ్నం 12:20

పీ ఒకటా రెండా అనే గొడవలో నేనూ బలయ్యాను. ఒక నవల గురించి నాలుగు మంచి మాటలు రాస్తూ "ఎ గ్రిప్పింగ్ స్టోరీ" అనబోయి ఒక పీ మింగేశాను. ఊపిరి బిగబట్టించే కథ కాస్తా సణుగుతున్న కథ అయింది. రచయిత చదివి "అంత విసిగించిందా?" అని అడిగారు.

నిఘంటువుపురుగు | మధ్యాహ్నం 1:02

😄 కొందరు పాఠకులకి రెండూ నిజమే కావచ్చు.

ఇంకొక్క సంగతి చెప్పి మానేస్తాను. గ్రైప్ ఒక్కటే శరీరంలోంచి వచ్చిందనుకోకండి. మనం ఆఫీసు మాటగా చూసే కంప్లైంట్ కూడా అలాంటిదే. దాని లాటిన్ మూలం ప్లాంగెరె, అంటే కొట్టడం, ముఖ్యంగా దుఃఖంతో గుండెలు బాదుకోవడం. ఇంగ్లీషులో కంప్లైంట్‌కి జబ్బు అనే అర్థం ఇప్పటికీ ఉంది. డాక్టరు దగ్గర "హార్ట్ కంప్లైంట్" అంటే గుండె మీద ఫిర్యాదు కాదు, గుండెజబ్బు. గ్రీవెన్స్ బరువు అనే అర్థమున్న లాటిన్ మాటలోంచి వచ్చింది. మన ఫిర్యాదు పారశీకం, అక్కడ ఫర్యాద్ అంటే కేక, ఆక్రందన. మొర అన్నా అంతే. అన్నీ ఒకప్పుడు గొంతు చించుకున్నవే. తర్వాత వాటికి ఫారాలు, నంబర్లు వచ్చి పెద్దమనుషులైపోయాయి. గ్రైప్‌కి ఇంకా నంబరు రాలేదు, అంతే తేడా.

అరసున్న | మధ్యాహ్నం 1:30

సరే, ఓడిపోయాను. సారీ మెయిలు వద్దు. మరి జవాబేమివ్వాలి? ఊరుకుంటే పొగరనుకోరా?

వెన్నెలబాట | మధ్యాహ్నం 1:38

"థ్యాంక్స్, తగ్గించి పంపుతాను." అంతే. చిన్న గ్రైప్‌కి చిన్న జవాబు.

కొత్తపలక | సాయంత్రం 6:52

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రాత్రి మీ మాటలు చూశాకే కాస్త కునుకు పట్టింది. సారీ మెయిలు తీసేశాను. వెన్నెలబాట గారు చెప్పినట్టే ఒక్క లైను రాసి, ముప్పై నాలుగు పేజీల రిపోర్టుని పందొమ్మిదికి తగ్గించి పంపాను. గంటలో జవాబు వచ్చింది: "పర్ఫెక్ట్. నో గ్రైప్స్."

ఈసారి డిక్షనరీ తీయలేదు.

పాతమాస్టారు | సాయంత్రం 7:10

సంతోషం బాబూ. మై ఓన్లీ గ్రైప్, మీ టైటిల్ ఇంకా గ్రిప్ అనే ఉంది.

కొత్తపలక | సాయంత్రం 7:14

మార్చబోయాను మాస్టారూ, ఇరవై నాలుగ్గంటలు దాటకుండానే లాక్ అయిపోయింది. దీని మీద ఎవరికి ఫిర్యాదు చేయాలి?